పావు మలుపు

శనివారం చేయవలసిన పనులు ఇవి:

ఒకటి, ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాలి.

రెండు, ప్లగ్గు వైర్లు నాలుగింటికీ అంకెలు వేసిన కాగితాలు చుట్టి, ఆ తర్వాతే ఊడదీయాలి.

మూడు, ట్యాపెట్ కవర్ బోల్టులు ఎనిమిదీ విప్పాలి. ట్యాపెట్ కవర్ అంటే ఇంజన్ నెత్తిన ఉండే రేకు మూత.

నాలుగు, పాత గాస్కెట్ తీసెయ్యాలి. ఆ మూతకూ ఇంజన్‌కూ మధ్య నూనె బయటకు రాకుండా ఆపే రబ్బరు చుట్టు అది.

ఐదు, రెండు అంచులనూ అద్దంలా తుడవాలి.

ఆరు, కొత్త గాస్కెట్ పెట్టి బోల్టులు గట్టిగా బిగించాలి.

ఏడు, స్టార్టు చేసి అరగంట కనిపెట్టుకుని ఉండాలి.

ఎనిమిది, నెమ్మదికి ఫోన్ చేయకూడదు.

మొదటి ఏడూ కాగితం మీద రాసి మా అత్తగారి కారు షెడ్డు గోడకు అంటించాను. ఎనిమిదోది మనసులో రాసుకున్నాను.

నెమ్మది అంటే నా తోడల్లుడు, మా మరదలి భర్త. జనరేటర్లు బాగుచేసే పని అతనిది. టీ గ్లాసు అందుకోవడం దగ్గరనుంచి అంతా తీరిగ్గానే చేస్తాడు కాబట్టి వాళ్ళ షెడ్డులో ఆ పేరు పెట్టారు. ఇంట్లోవాళ్ళు కూడా అదే అంటారు. అతనికి కోపం లేదు. అతనికి దేనిమీదా కోపం లేదు, అదే నా కోపం.

మా అత్తగారు ఇరవై ఆరేళ్ళుగా కారు నడపడం నేర్పుతున్నారు. మామగారు చనిపోయిన ఏడాదే, ఆయన మిగిల్చిన ఆ ఒక్క కారుకే పక్క సీటు దగ్గర ఇంకో బ్రేకూ ఇంకో క్లచ్చూ పెట్టించి, నెత్తిన పలక బిగించి, ఇద్దరు కూతుళ్ళను పెంచారు. ఊళ్ళో సగంమంది కార్లు నడిపేవాళ్ళు ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే. ఎవరు నడుపుతున్నా పక్క సీట్లో కూర్చున్న ఆవిడ కుడికాలు ఆ రెండో బ్రేకు మీద తేలుతూ ఉంటుంది. నాకు లైసెన్సు వచ్చి తొమ్మిదేళ్ళయింది. నేను నడిపినా ఆ కాలు అక్కడే ఉంటుంది. నిమ్మళంగా నడిపినా, రోడ్డు ఖాళీగా ఉన్నా, షెడ్డులోంచి గుమ్మం దాకా తెచ్చినా సరే.

నెమ్మది నడిపిన రోజు ఒకటి నాకు గుర్తుంది. వెనక సీట్లో నేనూ మా ఆవిడా కూర్చున్నాం. అత్తగారు రెండు కాళ్ళూ సీటు మీదకు ముడుచుకుని, కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. గురక కూడా పెట్టారు. ఆ రోజు నాకు భోజనం సయించలేదు. ఏమైందని మా ఆవిడ అడిగితే ఎండ అన్నాను.

మా వంశంలో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటివాణ్ణి నేను. మా నాన్న రాళ్ళు మోసేవాడు. నేను కాలేజీ పరీక్షల విభాగంలో పనిచేస్తాను. ఎవరి హాల్ టికెట్టూ ఇంతవరకు నా చేతుల్లో తప్పిపోలేదు. అత్తగారు నన్ను 'అల్లుడుగారూ' అంటారు, 'మీరు' అంటారు, మంచి కుర్చీ వేస్తారు. అతన్ని 'ఏమయ్యా', 'ఏడి ఆ మొద్దు' అంటారు. ఆ కుర్చీలో కూర్చుని ఆ మొద్దును చూసి నేను కుళ్ళుకునేవాణ్ణి. ఇది చెప్పుకోదగిన సంగతి కాదని తెలుసు. చెప్పకపోతే తర్వాతది చెప్పడం కుదరదు.

గురువారం లైసెన్సు పరీక్షలో గొడవ మొదలైంది. అత్తగారి దగ్గర నేర్చుకుంటున్న దర్జీ ఆవిడకు నలభై తొమ్మిదేళ్ళు. కుట్టిన బట్టలు తనే కొట్లకు చేరవేసుకోవాలని ఆవిడ ఆశ. అంతకుముందు రెండుసార్లు తప్పింది. మూడోసారి వెళితే, ఇన్‌స్పెక్టరు ఆవిణ్ణి స్టీరింగు ముట్టుకోనివ్వకుండా బానెట్ వైపు ముక్కు పెట్టి చూశాడు. బానెట్ సందుల్లోంచి నీలం పొగ వస్తోంది. మూత దగ్గర కారిన నూనె కింద ఉన్న వేడి గొట్టం మీద పడి మాడుతోంది.

"ముందు బండికి వైద్యం చేయించుకురండి. మనిషికి పరీక్ష తర్వాత" అన్నాడు.

బతిమాలితే సోమవారం పదింటికి ఇంకో అవకాశం ఇచ్చాడు. దర్జీ ఆవిడ నేర్చుకునే అనుమతి కాగితం గడువు మంగళవారంతో సరి.

అత్తగారు ఇంటికి వచ్చి చేసిన మొదటి పని నెమ్మదికి ఫోన్ చేయడం. అతను పనిమీద దూరం వెళ్ళి ఉన్నాడు. స్పీకరులో అతని గొంతు, అక్కడే ఉన్న నేనూ మా ఆవిడా కూడా విన్నాం.

"ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తాను అత్తయ్యా. వచ్చి చేస్తాను. అందాకా ఆ మూత ఎవరినీ విప్పనివ్వకండి."

ఎవరినీ. ఆ ఇంట్లో ఆ మూత విప్పగలిగిన మనిషి ఇంకెవరు? నేనే కదా.

"ఆదివారం దాకా ఎందుకండీ, రేపే సామాను తెచ్చి శనివారం నేను చేసేస్తాను" అన్నాను.

మా ఆవిడ నావైపు చూసింది. "పోయిన నెల కుళాయికి వాషరు మార్చారు. మూడు వాషర్లు, ఒక కుళాయి అయ్యాయి."

"బండితో వచ్చిన పుస్తకం ఉంది" అన్నాను.

"కుళాయికీ ఉంది."

అత్తగారు నవ్వలేదు. "అల్లుడుగారు శ్రద్ధ ఉన్న మనిషి. చేస్తే చేయనీ" అన్నారు. శ్రద్ధ అన్న మాట వినగానే నా గుండె ఒక బెత్తెడు పొంగింది. ఆ పొగ ఆపినవాణ్ణి నేనైతే సోమవారం ఆ కాలు బ్రేకు మీదనుంచి దిగుతుందని నాకు అనిపించింది. నాకు కావలసింది అంతే. ఇంకేమీ అక్కర్లేదు.

శనివారం పొద్దున్నే పాత చొక్కా వేసుకుని బానెట్ ఎత్తాను. ఎనిమిది బోల్టుల తలల మీదా తెల్లరంగు చుక్కలున్నాయి. అవి నెమ్మది పెట్టినవి. వాటి వెనక ఒక సంగతి ఉంది.

మూడేళ్ళ కిందట, ఆదివారం ఆదివారం మేము అత్తగారింటికి భోజనానికి వెళ్ళడం మొదలయింది. భోజనమయ్యాక నెమ్మది బల్ల మీద పడుకునేవాడు. నేను ఊరికే కూర్చోలేను. బానెట్ ఎత్తి, నూనె చూసి, గుడ్డతో అంతా తుడిచి, పది నంబరు పానా తీసుకుని ఆ మూత బోల్టులు ఒక్కొక్కటీ పావు మలుపు బిగించేవాణ్ణి. వదులైనదాన్ని బిగించడం, వదులు కానిదాన్ని ముందుజాగ్రత్తగా బిగించడం మా ఇంటి పద్ధతి. చదువు కూడా అలాగే చదివాను. అందరూ ఆపిన చోట నేను ఇంకో గంట కూర్చునేవాణ్ణి. అత్తగారు చూసి, "పెద్దల్లుడికి బండంటే ఎంత శ్రద్ధో" అనేవారు. ఒక ఏడాది అలా నడిచింది. తర్వాత నూనె చెమర్చడం మొదలైంది. నెమ్మది మూత విప్పి, ఏదో చేసి, మళ్ళీ పెట్టి, ఈ తెల్ల చుక్కలు పెట్టాడు. నన్ను పక్కకు పిలిచి, "ఇక వీటిని ముట్టుకోకండి అన్నయ్యా. ప్యాకింగు సున్నితం" అన్నాడు. వాళ్ళు గాస్కెట్‌ను ప్యాకింగు అంటారు.

మా అత్తగారి బండిని ముట్టుకోవడానికి ఇతని అనుమతా అని నాకు ఒళ్ళు మండింది. అప్పటినుంచి ముట్టుకోలేదు.

నూనె మాత్రం పూర్తిగా ఆగలేదు. రెండేళ్ళుగా చుక్క చుక్కగా కారుతూనే ఉంది. ప్రతి ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు నెమ్మదిని తిట్టేవారు. "ఊరి జనరేటర్లన్నీ బాగుచేస్తావు, ఇంట్లో బండికి చెమటలు పట్టిస్తావు" అని ఒకసారి, "చేతుల్లో వాతం ఉందేమో చూపించుకోవయ్యా" అని ఇంకోసారి. అతను తలవంచుకుని తింటూ, "చూస్తానత్తయ్యా" అనేవాడు. నేను ఎదుటి కుర్చీలో కూర్చుని వినేవాణ్ణి. ఆ వారం మొత్తం మీద నాకు ఇష్టమైన పది నిమిషాలు అవే.

మూత పైకి ఎత్తగానే నాకు పండగైంది. పాత గాస్కెట్ రెండు మూలల్లో బూడిదరంగు గమ్ము దట్టంగా పూసి ఉంది. పుస్తకంలో గమ్ము మాటే లేదు. చేతగానివాడు చేసే పని ఇదని నాలాంటివాడికి కూడా తెలుసు. ఫోనుతో నాలుగు ఫొటోలు తీశాను, రెండు దూరంనుంచి, రెండు దగ్గరనుంచి. అత్తగారిని పిలిచి చూపించాను.

"చూడండి అత్తయ్యా. బంక పూసి పబ్బం గడిపాడు."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. "వీడి మొహం ఈడ్చ. ఇదా ఇన్నాళ్ళూ చేసింది" అన్నారు. లోపలికి వెళుతూ, "మీరు కానివ్వండి, టీ పంపిస్తాను" అన్నారు.

ఆ టీ ఎంత బాగుందో చెప్పలేను.

ఇంజన్ లోపల ముక్కలు పడకుండా గుడ్డలు కప్పి, చెక్క పుల్లతో గమ్మంతా గీకాను. మూతను పెట్రోలుతో కడిగాను. కొత్త గాస్కెట్ పెట్టి, మూత బోర్లించి, బోల్టులు వేశాను. ఆరో పని దగ్గర 'గట్టిగా' అని రాసి ఉంది కదా, గట్టిగానే బిగించాను. ఒక చుట్టు అయ్యాక ఇంకో చుట్టు. చివర్లో పానా మీద రెండు చేతులూ వేసి ఒంటి బరువంతా దింపాను.

మధ్యాహ్నం రెండింటికి స్టార్టు చేశాను. అయిదో నిమిషానికి వెనక మూలనుంచి దారంలా నూనె దిగింది. పదో నిమిషానికి నీలం పొగ. ఆపి చూస్తే, కొత్త రబ్బరు ఆ మూల నాలుకలా బయటకు తోసుకొచ్చి చిట్లింది.

మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది.

నెమ్మదికి ఫోన్ చేస్తే రెండు మాటల్లో తేలిపోతుంది. ఫోన్ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఇంజన్ చల్లారాక మూత ఊడదీసి, పాత కాగితంలో చుట్టుకుని, పార్టుల కొట్టుకు నడిచాను. రెండో గాస్కెట్ కొనాలి. మొదటిది నాసిరకమని దెబ్బలాడాలని కూడా అనుకున్నాను.

కొట్టాయన పెద్దవాడు. నా మాట పూర్తిగా వినకుండానే కాగితం విప్పి, మూతను తన గాజు బల్ల మీద బోర్లించి, ఒక మూల వేలితో నొక్కాడు. టక్ మంది. ఇంకో మూల నొక్కాడు. టక్.

"ఊయల ఊగుతోంది, చూశారా? అంచు వంగిపోయింది. ఈ మూతకు బంగారపు ప్యాకింగు వేసినా నూనె ఆగదు" అన్నాడు.

"ఎందుకు వంగుతుంది?"

"ఎవరో ఊపిరాడకుండా బిగించారు. ఒక్కసారి కాదు, ఓపిగ్గా, చాలాసార్లు. ఇది రేకండీ. బోల్టు చుట్టూ ఎలా గుంట పడిందో వేలు పెట్టి చూడండి. బోల్టు దగ్గర రేకు కిందికి దిగితే మధ్యలో పైకి లేస్తుంది. లేచినచోట నూనె కారుతుంది." మూతను తిప్పి చూసి, మళ్ళీ చూసి, "అరె, ఇది నాకు తెలిసిన మూతే. మీ అత్తగారి బండిది కదూ? రెండేళ్ళ కిందట మీ తోడల్లుడు తెచ్చాడు. అప్పుడు ఇంతకన్నా ఘోరంగా ఉంది. కొత్త మూత ఎక్కడా దొరకదు, ఆ మోడలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఆ అరుగు మీదే కూర్చుని గంటన్నర సుత్తితో తట్టాడు. రెండు మూలలు ఎంతకీ పూర్తిగా లొంగలేదు. అక్కడ మాత్రం గమ్ము పూయమని నేనే చెప్పాను."

నేను రేకు మీది గుంటల్లో వేలు పెట్టి చూశాను.

"ఎవడయ్యా ఈ పహిల్వాను అని అడిగాను. నేనే బాబాయ్, తెలియక బిగించాను అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పాలపళ్ళ వయసులో పానా పట్టినవాడు తెలియక బిగిస్తాడా? ఎవరినో కాస్తున్నాడులే అనుకున్నాను."

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు. ఎనిమిది బోల్టులు. అన్ని పావు మలుపులు ఏ బోల్టూ తిరగదు. తిరిగినంత కాలం తిరిగింది. తిరగనప్పుడు నేను పానా మీద వాలి నిలబడ్డాను. అది కూడా శ్రద్ధే అనుకున్నాను.

నిజం తెలియగానే మనిషికి సిగ్గు రావాలి. నాకూ వచ్చింది, కానీ రెండోదిగా వచ్చింది. ముందు వచ్చింది ఏమిటంటే, ఇందులో కూడా వాడే పైచేయి అయ్యాడన్న మంట.

"ఎలా తట్టాలో చూపిస్తారా?" అని అడిగాను.

కొట్టాయన ఒక ఇనుప దిమ్మ, చిన్న సుత్తి ఇచ్చి అదే అరుగు మీద కూర్చోబెట్టాడు. బోల్టు కన్నాల చుట్టూ ఉబ్బు ఉన్నవైపు మెల్లగా తట్టాలి, గాజు బల్ల మీద పెట్టి చూడాలి, మళ్ళీ తట్టాలి. మొదట్లో నా దెబ్బలు విని ఆయన లోపలనుంచి, "పగ తీర్చుకోకండి, జోకొట్టండి" అన్నాడు. ఇదే అరుగు మీద అతనూ కూర్చున్నాడు కదా అనుకుంటూ తట్టాను. అతనికి గంటన్నర పట్టింది. నాకు మూడు గంటలు పట్టింది. కానీ మొండితనం నాకు ఎక్కువ కాబట్టి ఆ రెండు మూలలు కూడా లొంగాయి. చివరకు నాలుగు మూలలా నొక్కితే టక్ మనలేదు.

ఆయన దగ్గర మిగిలింది ఒకే గాస్కెట్. అది చేతిలో పెడుతూ, "వేళ్ళతో తిరిగినంత తిప్పండి. తర్వాత మధ్యనుంచి మొదలుపెట్టి అటొకటి, ఇటొకటి. పానాను చివర పట్టుకోకండి, తల దగ్గర పట్టుకోండి. అప్పుడు బలం పెడదామన్నా పెట్టలేరు. రబ్బరు కాస్త అణిగి బోల్టు నిలబడగానే చెయ్యి తీసెయ్యాలి" అన్నాడు.

ఆదివారం పొద్దున్న అలాగే చేశాను. అంచులు తుడవడం, రబ్బరు కూర్చోబెట్టడం ఏమంత కష్టం కాదు. చెయ్యి తీసెయ్యడమే కష్టమైంది. చాలు అనే మాట మా ఇంట్లో నేను అన్నం దగ్గర తప్ప వినలేదు. మా నాన్న చాలనుకుని ఉంటే నాకు పట్టా వచ్చేది కాదు. ఎనిమిదో బోల్టు దగ్గర పానా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. చివరకు పానా తీసుకెళ్ళి మా ఆవిడ చేతికిచ్చి, "సాయంత్రం దాకా నాకివ్వకు" అన్నాను.

"ఏమైంది మీకు?"

"ఏమీ లేదు. దాచు."

స్టార్టు చేశాను. అరగంట. గంట. ఒక్క చుక్క లేదు. అత్తగారు తెల్ల చేతిరుమాలు తెచ్చి మూత చుట్టూ తుడిచి, దాన్ని వెలుతురులో పట్టుకుని చూశారు. అంత తెల్లగా ఆ ఇంట్లో ఇంకేదీ లేదు. మూత వంగి ఉంటే తట్టి సరిచేశానని చెప్పాను, వంచింది ఎవరో మాత్రం చెప్పలేదు.

సాయంత్రం నెమ్మది భుజాన సంచీతో వచ్చాడు. సంచీ దింపకుండానే షెడ్డులోకి వెళ్ళి మూత అంచు చుట్టూ వేలు పోనిచ్చాడు. మూలల దగ్గర ఆగాడు. వంగి చూశాడు. తర్వాత నావైపు చూశాడు. అతనికి అంతా అర్థమైందని నాకు అర్థమైంది.

"బాగా కుదిరింది అన్నయ్యా" అన్నాడు. అంతే.

భోజనాల దగ్గర అత్తగారు మొదలుపెట్టారు. "చదువుకున్నవాళ్ళు చేస్తే పని ఎలా ఉంటుందో చూడు. రెండేళ్ళు బంక పూసి నన్ను మాయ చేశావు కదయ్యా. ఫొటోలు కూడా ఉన్నాయి, చూస్తావా?"

"చదువు నాకు అబ్బలేదు కదత్తయ్యా" అన్నాడు అతను, అన్నం కలుపుకుంటూ.

"చదువెందుకు, సిగ్గుంటే చాలు" అంది మా మరదలు. అతని భార్యే ఆ మాట అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

నోరు విప్పవలసింది అప్పుడే. విప్పలేదు. పైగా కడుపునిండా తిన్నాను. ఇన్నాళ్ళకు ఆ ఇంట్లో అతనికన్నా నేను ఒక మెట్టు పైన ఉన్నాను, దిగడానికి కాళ్ళు రాలేదు.

సోమవారం నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తించి, ముక్కు పెట్టి, తలూపాడు. దర్జీ ఆవిడ కారును వెనక్కి నడపడంలో ఒక కర్రకు తగలబోయి తగలకుండా తప్పించుకుని, నాలుగో ప్రయత్నంలో పాసయింది. బయటకు వచ్చి అత్తగారిని పట్టుకుని ఏడ్చింది. అత్తగారు, "ఏడుపు తర్వాత, ముందు అద్దాలు చూసుకోవడం నేర్చుకో" అన్నారు.

తిరుగు దారిలో, "మీరు నడపండి అల్లుడుగారూ" అన్నారు. దర్జీ ఆవిడ వెనక కూర్చుంది. రెండు వీధులు దాటాక మలుపులో పక్కకు చూశాను.

అత్తగారి కాళ్ళు కింద లేవు. చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటు మీదకు ముడుచుకుని, కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. రెండో బ్రేకు ఒంటరిగా ఉంది.

తొమ్మిదేళ్ళుగా నేను కోరుకున్నది అదే. ఆ సంతోషం ఒక వీధి దూరం కూడా నిలవలేదు. ఆవిడ వెనక్కి తిరిగి దర్జీ ఆవిడతో చెబుతున్నారు: "మా పెద్దల్లుడుగారు పుస్తకం చూసి రెండు రోజుల్లో చేశారమ్మా. మా చిన్నవాడు ఉన్నాడే, ఒట్టి పనిదొంగ. బోల్టులు ఎలా బిగించాలో కూడా తెలియదు, మూతంతా వంచిపెట్టాడట. పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే అవునత్తయ్యా అన్నాడు."

పొద్దున్న కూడా ఒప్పుకున్నాడన్నమాట.

నేను రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా అన్నాను. "వంచింది నేనండి."

"ఏమిటి?"

"ఆదివారం ఆదివారం నేను బిగించేవాణ్ణి కదా, దానివల్లే వంగింది. నూనె కారింది కూడా నావల్లే. అతను సరిచేశాడు. చేసి, తప్పు తనమీద వేసుకున్నాడు. నాకు శనివారం తెలిసింది."

కారు రోడ్డు మధ్యలో కుదేసినట్టు ఆగింది. నేను బ్రేకు తొక్కలేదు. ఆవిడ కాలు ఎప్పుడు దిగిందో చూడలేదు. వెనకనుంచి నాలుగు హారన్లు మోగాయి.

"పరీక్ష పాసై గంట కాలేదు తల్లీ, అప్పుడే పైకి పంపేస్తారా" అంది దర్జీ ఆవిడ వెనక సీట్లో తల తడుముకుంటూ.

"బండి పక్కకు తీయండి" అన్నారు అత్తగారు. తీశాను. ఇంజన్ ఆపాను. ఆవిడ చెప్పులు వేసుకున్నారు.

"రెండేళ్ళు అన్నం ముందు కూర్చోబెట్టి తిట్టాను ఆ పిల్లాణ్ణి. మీరు ఎదురుగా కూర్చుని విన్నారు."

"అప్పుడు నావల్లని తెలియదండి."

"నిన్న తెలుసు."

"తెలుసండి."

"వినడానికి బాగుండేదా?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. "బాగుండేదండి" అన్నాను.

ఆవిడ ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ, "చిన్నవాడి ఇంటికి పోనివ్వండి" అన్నారు. దర్జీ ఆవిడ మధ్యలో దిగిపోయింది. దారి పొడుగునా అత్తగారి కాలు బ్రేకును అంటిపెట్టుకునే ఉంది.

నెమ్మది పెరట్లో బట్టలు ఆరేస్తున్నాడు. ఒక్కో చొక్కా దులిపి, అంచులు సరిచేసి, తీరిగ్గా. అత్తగారు నేరుగా వెళ్ళి అతని ముందు నిలబడ్డారు.

"నోరు లేదా నీకు? రెండేళ్ళు గాడిదలా మోస్తావా?"

అతను నన్ను చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "చెప్పేశారా అన్నయ్యా" అన్నాడు, బాధగానే.

"నేనడిగినదానికి చెప్పు."

"ఏముందత్తయ్యా. మీ తిట్లు నాకు అలవాటే, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. అన్నయ్యను ఎవరైనా ఒక మాటంటే వారం రోజులు అన్నం సరిగా తినరట, వదిన చెప్పింది. పైగా ఆదివారం ఆ పానా పట్టుకుని ఎంత ముచ్చటపడేవారో మీరూ చూశారు. మీరే నష్టం చేశారని ఆ మొహం మీద ఎలా చెప్పను?"

అత్తగారు తడి చొక్కా ఒకటి బకెట్లోంచి తీసి, దులిపి, తీగ మీద వేశారు. తర్వాత ఇంకొకటి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి మిగతా బట్టలన్నీ ఆరేశారు. నేను చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నాకు ఒక్క చొక్కా కూడా ఎవరూ ఇవ్వలేదు.

క్షమించమని అతనికి చెప్పాను. "సరే అన్నయ్యా, టీ తాగుతారా" అన్నాడు. తాగాను.

ఇది జరిగి అయిదు నెలలు. బండికి చుక్క నూనె కారలేదు. అత్తగారు నాతో పొడిపొడిగా మాట్లాడుతున్నారు, కుర్చీ మాత్రం వేస్తున్నారు. కడుపులో మంట పోయిందా అంటే పోలేదు. ఇదివరకు అతని పక్కన అత్తగారి నిద్ర చూసి కుళ్ళుకునేవాణ్ణి. ఇప్పుడు ఒకరి తిట్లు తను తిని, అది తిన్నట్టే కనపడనివ్వకుండా అన్నం కలుపుకున్న ఆ మనిషిని చూసి కుళ్ళుకుంటున్నాను. అది ఏ పుస్తకం చూసి నేర్చుకోవాలో తెలియదు.

చదివినవాళ్ళను ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో ఎప్పుడైనా బోల్టో, కుళాయో, సీసా మూతో బిగిస్తూ, ఇంకొంచెం అనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి మా నెమ్మదిని తలుచుకోండి. నాకు రావలసిన తిట్లు రెండేళ్ళు తిన్నాడు. మా ఇంట్లో ఆ సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తరు, అతను అసలు ఎత్తడు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను.